లోపలి గడియ

చిత్తూరు గిరింపేటలో పంకజాక్షి ఇంటి ముందు నుంచి ఎవరైనా సూట్‌కేసు పట్టుకుని పోతే చాలు, ఆమె గుండె దడదడా కొట్టుకునేది. సూట్‌కేసు ఆమెది కాదు, పోయేది ఆమె కాదు. అయినా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు వాకిట్లోకి వచ్చి నిలబడి, నేనిక్కడే ఉన్నాను చూడండి అన్నట్టు ఎవరితోనో ఒకరితో నాలుగు ముక్కలు గట్టిగా మాట్లాడి లోపలికి పోయేది. కొత్తగా ఆ వీధికి వచ్చినవాళ్ళకు ఇది వింతగా ఉండేది. పాతవాళ్ళకు కారణం తెలుసు. అప్పున్న మనిషి చేతిలో సంచి పెద్దదైతే ఊరి కళ్ళు కూడా పెద్దవవుతాయి.

ఆమె అప్పు తిని చేసినదీ కాదు, కట్టుకుని చేసినదీ కాదు. చీటీ నడిపి చేసుకున్నది. ఆర్టీసీ కండక్టరు గోవిందస్వామి భార్యగా ఆ వీధికి వచ్చిన కొన్నేళ్ళకు, నలుగురికీ తలలో నాలుకలా ఉంటుందని ఆడవాళ్ళే ఆమె చేత చీటీ పెట్టించారు. నెలనెలా అందరూ కట్టాలి, పాట పాడి ఒకరు ఎత్తుకోవాలి, ఎత్తుకున్నవాళ్ళు కూడా చివరిదాకా కడుతూ పోవాలి. లోకమంతా నడిచే పద్ధతే. అయితే ఆ వీధిలో బాడుగకు దిగి కుట్టుమిషను పెట్టుకున్న ఒకామె తన పేరు మీద ఒకటి, అక్క పేరు మీద ఒకటి, తల్లి పేరు మీద ఒకటి వేసి, మూడూ వరసగా ఎత్తుకుంది. ఒక తెల్లవారి చూస్తే ఆమె ఇంటికి తాళం. మిషను కూడా లేదు. తిరుప్పూరని కొందరు, బెంగుళూరని కొందరు అన్నారు. ఎక్కడికి పోయినా కట్టాల్సింది మాత్రం చీటీ పెట్టిన పంకజాక్షే.

వీధి ఆడవాళ్ళంతా ఆమె వాకిట్లో చేరారు. అందరికన్నా ముందు నిలబడింది ఆనందమ్మ. ఎనుములు మేపి, ఇంటింటికీ పాలు పోసి కూడబెట్టిన డబ్బు ఆమెది. భర్త పోయిన మనిషి. నోరు పెద్దది, అందులో నుంచి వచ్చే మాట దానికన్నా పెద్దది. కాగితాలూ ప్రోనోట్లూ తనకు తెలియవనీ, కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేస్తే చాలనీ ఆమె తేల్చి చెప్పింది. చిత్తూరు చుట్టుపక్కల ఇంతకు మించిన కోర్టు లేదు. అక్కడ అబద్ధం ఆడినవాడు బాగుపడడని చంటిపిల్లలకు కూడా తెలుసు.

తడిబట్టలతో స్వామి ముందు నిలబడి పంకజాక్షి, వీళ్ళ డబ్బు పైసాతో సహా కడతానని చెప్పింది. వాళ్ళు అడిగింది అంతే. ఆనందమ్మ మొహం కూడా అప్పుడే కాస్త మెత్తబడింది. కానీ పంకజాక్షికి వెనక నిలబడిన ఆడవాళ్ళ ఊపిరి వీపుకు తగులుతున్నట్టే ఉంది. ఇంకా నమ్మలేదేమో అనిపించింది. కూరగాయల బేరంలో కొసరు వేసినట్టు ప్రమాణానికి కూడా కొసరు వేసింది.

"బాకీ తీరేదాకా ఒక్క రాత్రి కూడా ఊరు దాటి నిద్ర చెయ్యను సామీ."

ఎవరూ అడగని మాట. నోరు జారితే వెనక్కి తీసుకోవచ్చు గానీ, కాణిపాకంలో జారితే ఎవరు తీసుకుంటారు?

అప్పటి నుంచి ఆమె బతుకుకు ఊరే సంకెల అయింది. తిరుపతిలో చెల్లెలు ఇల్లు కట్టుకుని పాలు పొంగిస్తే పొద్దున పోయి, పంక్తి లేవకముందే బస్సెక్కింది. చెల్లెలు మూతి ముడుచుకుని ఏడాది మాట్లాడలేదు. కూతురు రూపశ్రీని తిరుపతి హాస్టల్లో చేర్చినప్పుడు ఆ పిల్ల ఏడుస్తూ, ఈ ఒక్క రాత్రి ఉండమని చెయ్యి పట్టుకుంటే, ఆ చెయ్యి విడిపించుకుని వచ్చేసింది. దారి పొడుగునా తనూ ఏడ్చింది. బస్సు ఎక్కడైనా ఆగితే ఏడుపు కూడా ఆగి, చీకటి పడేలోగా చేరతామా లేదా అన్న భయం పట్టుకునేది. ప్రమాణం తప్పితే దెబ్బ తనకు తగిలితే పరవాలేదు. భర్తకో కూతురికో తగిలితే? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమె బస్సు కిటికీలోంచి పొద్దు ఎంతుందో చూసుకునేది.

గోవిందస్వామి ఒక్కనాడూ ఆమెను నువ్వెందుకు పెట్టావు ఈ చీటీ అని అడగలేదు. జీతం తెచ్చి చేతిలో పెట్టేవాడు, అది ఆ రోజే నాలుగిళ్ళకు పోయేది. ఈమె వడియాలు పెట్టి, ఊరగాయలు వేసి అంగళ్ళకు ఇచ్చేది. అలా అలా బాకీలు ఒక్కొక్కటే తీరుతూ, తొంభై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలానికి మూడిళ్ళవి మిగిలాయి. అందులో పెద్దది ఆనందమ్మది.

ఆ వేసవిలోనే ఆయన నోరు తెరిచి ఒక కోరిక కోరాడు. ఆయన డ్యూటీ ఎక్కువగా మదనపల్లె రూటు. ఎండలు ముదిరితే హార్స్‌లీ కొండ సర్వీసు కూడా వేసేవారు. పాతవాళ్ళు ఏనుగు మల్లమ్మ కొండ అంటారు దాన్ని. కింద మనుషులు పెనం మీద అట్లలా మాడుతుంటే పైన శాలువా కప్పుకుని తిరుగుతారు. చిత్తూరు చెమటలో స్వెట్టర్లు ఒళ్ళో పెట్టుకుని ఎక్కే సంసారాలకు ఆయన ఏళ్ళ తరబడి టిక్కెట్లు కొట్టాడు. వాళ్ళను దింపి, బస్సు తిప్పుకుని దిగి రావడమే ఆయన చూసిన కొండ.

"ఒక్కసారి మనమూ పోదాం పంకజా. టిక్కెట్లు కొట్టకుండా ఆ బస్సులో ఒక్కసారన్నా కూర్చోవాలని ఉండాది నాకు."

ఖర్చు కూడా లేదని చెప్పాడు. బస్సుకు ఫ్యామిలీ పాసు ఉంది. కొండ మీద అతిథి గృహం కాపలాదారు మునిరామయ్య తెలిసినవాడు, పగటిపూట నడుం వాల్చడానికి ఒక గది తెరిచి ఇస్తాడు. తిండి ఇంటి నుంచే కట్టుకుపోవచ్చు. తొలి బస్సుకు పోయి, సాయంత్రం చివరి బస్సుకు దిగిపోతే రాత్రికి ఇంట్లోనే ఉంటారు, ప్రమాణానికి కూడా ఏ లోటూ రాదు.

లెక్క అంతా సరిగ్గానే ఉంది. భయానికి లెక్కలు ఎక్కవు కదా. అప్పున్నవాళ్ళు విహారానికి పోయారని తెలిస్తే వీధి ఏమంటుంది? అదే తిరుమల కొండకైతే ఎవరూ నోరెత్తరు. అప్పులవాడైనా దేవుడి దగ్గరికి పోవచ్చు. చల్లగాలి కోసం కొండెక్కాలంటే మాత్రం బాకీలు లేనివాళ్ళే ఎక్కాలి. పోనీ తిరుమలకే పోతున్నామని అబద్ధం చెబుదామా అనుకుంది. అప్పుడు తిరిగొచ్చి వీధికంతా లడ్డు పంచాలి. లడ్డు ఎక్కడి నుంచి తెస్తుంది? ఇలా ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యిగా వారం గడిచింది. గోవిందస్వామి మళ్ళీ అడిగి ఉంటే కాదనేదే. ఆయన అడగలేదు. అడగకుండా పొద్దున డ్యూటీకి పోతూ చెప్పులు వేసుకుంటున్న ఆ మనిషి వంగిన వీపు ఆమె కంట పడింది. ఆదివారం పోదామని తనే చెప్పేసింది.

చెప్పిన మరుక్షణం నుంచి ఎవరికీ తెలియకుండా పోవడం ఎలా అన్నదే ఆమె పని అయింది. ముందు రోజు సాయంత్రం ఆనందమ్మ ఇంటికి పోయి, ఇంకా గడువు రాకముందే ఆ నెల కట్టాల్సింది ఆమె చేతిలో పెట్టింది. బాకీ కట్టి పోతే మనసుకు కాస్త ధైర్యంగా ఉంటుందని. ఏమైనా తప్పు చేసి ఉంటే మనసులో పెట్టుకోవద్దని కూడా అంది. తప్పు అంటే రేపు కొండకు పోవడం అని ఆమె ఉద్దేశం. పొద్దున్నే పాలు పోయడానికి వచ్చి తలుపు తట్టకుండా, రేపు పాలు వద్దక్కా అని కూడా చెప్పింది. ఆనందమ్మ ఆమె మొహంలోకి ఒక్క నిమిషం తేరిపార చూసింది. ఆ చూపుకు పంకజాక్షి గుండెల్లో రాయి పడి, గబగబా ఇంటికి వచ్చేసింది.

ఇక మిగిలింది తాళం. ఆ వీధిలో ఆ వాకిలికి తాళం కనబడితే కుట్టుమిషను ఆమె కథ అందరికీ గుర్తొస్తుంది. అందుకని వీధి తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టింది. పెరటి తలుపుకు బయట తాళం వేసి, గోడవార సందులోంచి బయటపడింది. అంతకు ముందే వాకిట్లో తడిచీర ఒకటి దండెం మీద ఆరేసి, ఇంట్లో మనిషి ఉన్నట్టే అన్నీ అమర్చింది. గోవిందస్వామి ఖాకీ బట్టలేసుకుని డ్యూటీకి పోయినట్టు ముందే పోయాడు. ఈమె కూరగాయల బుట్టలో చిత్రాన్నం పొట్లాలు పెట్టి, పైన రెండు సొరకాయలు కప్పి, కొంగు నిండా కప్పుకుని ఊరి చివరి స్టాపుకు నడిచింది. దొంగతనానికి పోయేవాడు కూడా ఇంత జాగ్రత్తపడి ఉండడు. బస్సులో కూడా పలమనేరు దాటేదాకా భర్త పక్క సీట్లో కూర్చోలేదు.

మదనపల్లెలో బస్సు మారి, మలుపులు తిరుగుతూ కొండెక్కుతుంటే గాలి చల్లబడింది. గోవిందస్వామి కిటికీ పక్కన కూర్చుని, ఇక్కడ నెమళ్ళు కనిపిస్తాయి, ఈ మలుపులో డ్రైవరు రెండుసార్లు హారన్ కొడతాడు అని పెళ్ళికొడుకులా సంబరంగా చెబుతున్నాడు. డ్యూటీలో ఉన్న కండక్టరు వచ్చి, అన్నా నువ్వు కూర్చున్నావా అని ఆశ్చర్యపోతే, నవ్వి పాసు తీసి చూపించాడు. ఆ నవ్వు చూసి పంకజాక్షికి, రావడం మంచి పనే అయింది అనిపించింది. అనిపించిన వెంటనే, ఇంత సంతోషం ఊరికే వదలదేమో అని కూడా అనిపించింది. ఆమె భయం అలాంటిది.

నీలగిరి చెట్ల కింద కూర్చుని అన్నం పొట్లాలు విప్పారు. ఒళ్ళు చల్లబడి, కడుపులో నాలుగు ముద్దలు పడేసరికి ఆమెకు నోరు కాస్త తెరుచుకుంది. వీధి కళ్ళు తాను ఎలా కప్పిందో గొప్పగా చెప్పడం మొదలుపెట్టింది. తాళం కనబడకుండా ముందు తలుపుకు లోపలి గడియ పెట్టిన సంగతి, ముందు రోజే బాకీ కట్టేసిన సంగతి, పాలు వద్దన్న సంగతి.

గోవిందస్వామి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"లోపలి నుంచి గడియ పెట్టినావా?"

పెట్టానని ఆమె నవ్వుతూ చెప్పింది. ఆయన మొహం సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది. చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి, ఫోను యాడుండాది, ఫోను యాడుండాది అనుకుంటూ అతిథి గృహం వైపు పరిగెత్తాడు. ఏమైందో అర్థం కాక ఈమె బుట్ట అక్కడే వదిలేసి వెనకాలే పరిగెత్తింది. ఏదో జరిగింది, ప్రమాణం దెబ్బ కొట్టింది, రూపశ్రీకి ఏమైనా అయిందేమో అని ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

ఫోను ఉన్న చోట ముందు ఇంకెవరో మాట్లాడుతున్నారు. గోవిందస్వామి గోడకు ఆనుకుని, రొప్పుతూ, ఆమె మొహం చూడకుండా చెప్పాడు.

"నైట్ హాల్టు ముగించుకోని వచ్చేటప్పుడు వీధి మొదట్లో నిలబడి మన వాకిలి పక్క చూస్తా. జనం గుమిగూడి లేకుంటేనే ముందుకొస్తా. తలుపు తట్టేటప్పుడు లోపల గడియ తీసే సప్పుడు వినబడేదాకా నా పానం నా దగ్గర ఉండదు. ఇన్నేండ్లూ ఇదే భయం నాకు. నువ్వేమైనా చేసుకుంటావేమో అని."

 తాను తలుపు తెరిచిన ప్రతిసారీ ఆయన ఎందుకు ఒక్క క్షణం ఊరికే నిలబడి చూసేవాడో పంకజాక్షికి ఇప్పుడు తెలిసింది. అలసట అనుకునేది. మంచినీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చేది. అప్పు గురించి తనకు ఉన్న భయం గొప్పదనుకుని, దాని పక్కనే ఇంకో మనిషి ఇంకో భయంతో ఇన్నేళ్ళు పడుకుని లేచాడని ఆమెకు తెలియలేదు. దానితో పాటే, ముందు రోజు ఆనందమ్మ తన మొహంలోకి ఎందుకు అలా చూసిందో కూడా తెలిసింది. గడువుకు ముందే బాకీ కట్టడం, తప్పులుంటే మరిచిపొమ్మనడం, రేపు పాలు వద్దనడం, తెల్లవారితే లోపలి గడియ, పిలిస్తే పలకని ఇల్లు. తను చేసిన ఏర్పాట్లు అన్నీ ఒక్కటే చెబుతున్నాయి. అక్కడే నేల మీద చతికిలబడింది.

లైను దొరకడానికి చాలా సేపు పట్టింది. వాళ్ళ వీధిలో ఫోను పరంధామయ్య చిల్లర అంగట్లో ఉంది. ఆయన గోవిందస్వామి గొంతు విని ఏడుపు, కోపం కలిసిన గొంతుతో అరిచాడు. పొద్దున్నుంచి ఈయన కోసం డిపోకు మనిషిని పంపి వెతికిస్తున్నారట. ఎంత తట్టినా తలుపు తీయకపోతే గడ్డపార పెట్టి పగలగొట్టారట. ఇల్లంతా చూసి, పెరట్లో బావిలో కూడా పాతాళభేది కొక్కేలు వేసి వెతికారట. ఆమె ఇక్కడే నా పక్కనే ఉంది అని గోవిందస్వామి చెప్పగానే అవతల ఒక కేక, పరుగుల చప్పుడు. తర్వాత ఆనందమ్మ మాట్లాడాలంటోంది అన్నారు. పంకజాక్షి ఫోను అందుకుంది. తిట్లు మొదలవుతాయని కళ్ళు మూసుకుంది. 

"నిన్ను మేమే సంపేసినామని అనుకున్యాం పంకజా," అంది ఆనందమ్మ.

ఆ మాటకు పంకజాక్షి భోరున ఏడ్చింది. ఏడుస్తూనే, ఇప్పుడే బయలుదేరి వచ్చేస్తామని, రాత్రికి ఇంట్లోనే ఉంటామని, ప్రమాణం తప్పే మనిషిని కానని చెప్పుకుపోతోంది.

"ఏం ప్రమాణం? దుడ్లు కడతానంటివి, కడతా ఉండావు. ఇంకేం ప్రమాణం?"

ఊరు దాటి నిద్ర చేయనన్న మాట ఆనందమ్మకు గుర్తే లేదు. ఆనాడు విన్నదో లేదో కూడా తెలియదు. తలుపు విరిగిపోయింది గనక ఆ రాత్రికి తాను పోయి కాపలాగా వాళ్ళింట్లో పడుకుంటాననీ, రేపు నిదానంగా రమ్మనీ చెప్పి ఫోను పెట్టేసింది. బాకీ ఇవ్వాల్సిన ఇంటికి బాకీ రావాల్సిన మనిషే కాపలా. గిరింపేట చూసిన వింతల్లో అదొకటి.

 ఫోను పెట్టాక గోవిందస్వామి మునిరామయ్య తెరిచి ఇచ్చిన గదిలోకి పోయి, ఐదు నిమిషాలు నడుం వాలుస్తానని పడుకున్నాడు. రగ్గు కప్పుకోకముందే నిద్రపోయాడు. పంకజాక్షి బయట మెట్టు మీద కూర్చుంది. మనసు కుదుట పడుతుందనుకుంది, పడలేదు. ఆనందమ్మ మరిచిపోయింది సరే. వీధిలో అందరూ మరిచిపోయి ఉంటారు, అదీ సరే. కానీ ఆ మాట చెప్పింది ఆనందమ్మకు కాదు కదా. విన్నవాడు మరిచిపోతాడా? పొద్దు వాలుతున్నకొద్దీ ఆమె బస్సు వచ్చే దారి వైపే చూస్తోంది. ఇన్నేళ్ళు కాపాడుకున్న మాట. చెల్లెలిని కాదనుకుని, ఏడ్చే కూతురి చెయ్యి విదిలించుకుని నిలబెట్టుకున్న మాట. ఇంకో మూడిళ్ళవి తీరిస్తే చాలు. ఈ ఒక్క రాత్రి కోసం దాన్ని పోగొట్టుకుంటే, దెబ్బ ఎవరి మీద పడుతుంది? లోపల పడుకున్న ఆ మనిషి మీదే పడితే?

సాయంత్రం చివరి బస్సు వచ్చి చెట్ల కింద ఆగింది. స్వెట్టర్లవాళ్ళు పిల్లల్ని పిలుచుకుంటూ ఎక్కుతున్నారు. పంకజాక్షి మధ్యాహ్నం వదిలేసిన బుట్ట తెచ్చుకుని గదిలోకి పోయింది, ఆయన్ని లేపాలని. డ్రైవరు గట్టిగా హారన్ కొట్టాడు. ఆయన ఇంట్లో పడుకున్నప్పుడు వీధిలో లారీ హారన్ వినపడినా ఉలిక్కిపడి లేచి కూర్చునే మనిషి. కళ్ళు తెరిచిన వెంటనే చెయ్యి చాపి, పక్కన ఆమె ఉందో లేదో తడుముకునేవాడు. కండక్టరు అలవాటు అని ఆమె ఎన్నోసార్లు ఎగతాళి చేసింది. ఇప్పుడు హారన్ మళ్ళీ మోగింది. ఆయన కదలలేదు. నోరు కాస్త తెరుచుకుని, చిన్నపిల్లవాడిలా, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు.

ఆమె ఆయన భుజం దాకా చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. బుట్ట కింద పెట్టి బయటికి వచ్చింది. పొద్దున ఆశ్చర్యపోయిన కండక్టరే మెట్టు మీద నిలబడి, అన్న రాలేదేమని అడిగాడు.

"రాడప్పా. నిద్రపోతా ఉండాడు. మీరు పోండి," అంది.

  బస్సు కదిలి మొదటి మలుపు తిరిగేదాకా, ఆపండి అని అరవాలని నోటిదాకా వచ్చింది. అరవలేదు. అది పోయాక కాణిపాకం ఏ దిక్కున ఉంటుందో తెలియక, దిగువకు, చీకటి కమ్ముకుంటున్న వైపుకు తిరిగి చేతులు జోడించింది.

"సామీ, మాట తప్పింది నేను. ఏం చేసినా నన్ను చెయ్యి. ఆయన్ని మాత్రం తెల్లారేదాకా లేపొద్దు."

లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసింది. గడియ పెట్టలేదు. భయపడుతూనే ఆయన పక్కన కూర్చుంది.